టిల్లీ అత్త ఇంకా రాలేదు

అమెరికాలో ఓహైయో నది పొంగి మా ఊరు స్మిత్‌లాండ్ మునిగిన ఏడో ఏడు, మార్చి నెల. మధ్యాహ్నం మూడున్నరకు రావలసిన విమానాలు నాలుగు కావస్తున్నా రాలేదు. ఇంగ్లండులో మా యుద్ధవిమానాల మైదానం అంచున, మా విమానం నిలిపే గుండ్రటి సిమెంటు గచ్చు పక్కన, బాంబుల పెట్టెల చెక్కలతో మేమే కట్టుకున్న గుడిసె ముందు, ఒక ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాను. పేరు లైమన్ టాకెట్. అప్పటికి ముప్పై అయిదేళ్లు. నా పని ఒకే ఒక బాంబరు బాగోగులు చూడడం, ఆ పని చేసేవాణ్ని చీఫ్ అంటారు. దాని ముక్కు మీద బొద్దుగా, నడుముకు వంటగుడ్డ కట్టుకుని, చేతిలో అప్పడాల కర్ర ఎత్తిన ముసలావిడ బొమ్మ ఉండేది. పేరు టిల్లీ అత్త. మా పైలట్ ప్రెవిట్ గారి మేనత్తట ఆవిడ. నెబ్రాస్కాలో బతికే ఉందిట, తన బొమ్మ జర్మనీ మీద ఎగురుతోందని ఆవిడకు ఎవరూ చెప్పలేదట. ఆ పొద్దున టిల్లీ అత్త పదిమందిని ఎక్కించుకుని వెళ్లింది. ఆ పదిమందికీ అది ముప్పయ్యో దాడి. ముప్పై పూర్తయితే ఇంటికి పంపుతారు. ఇరవై తొమ్మిదికి పంపరు.

ఆ గంటలో చెయ్యడానికి పనేమీ ఉండదు. పానాలు తుడిచేశాం, తుడిచినవే మళ్లీ తుడిచాం. గచ్చు మీద ఆయిలు మరకలు నాలుగు, ఒక్కో ఇంజను కింద ఒక్కోటి, విమానం లేకపోయినా అవి విమానం ఆకారంలోనే ఉన్నాయి, పశువు లేచిపోయాక గడ్డి నలిగిన చోటు ఉంటుందే అలా. కంచె అవతల దుంపల పొలంలో ఒక ఆడమనిషి వంగి కలుపు తీస్తోంది, ఒక్కసారి కూడా ఆకాశం వైపు చూడలేదు, రోజూ చూసీ చూసీ ఆవిడకు విసుగు వచ్చి ఉంటుంది. నా కింద పనిచేసే ష్వెంక్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. పెన్సిల్వేనియాలో మంగలి షాపు వాడిది, జుట్టు కత్తిరిస్తూ కబుర్లు చెప్పే అలవాటు యుద్ధంలో కూడా పోలేదు. "ఎదురుగాలేమో చీఫ్. ఎదురుగాలి అయితే అరగంట ఆలస్యం మామూలే కదా. మామూలే కదా? ఏదో ఒకటి అను చీఫ్, ఆ డబ్బాని తట్టినా పలుకుతుంది" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. "అబ్బో, ప్రసంగం!" అన్నాడు వాడు. తర్వాత వాడూ ఊరుకున్నాడు, వాడు ఊరుకోవడం నాకు నచ్చలేదు, వాడు మాట్లాడుతున్నంతసేపూ అంతా మామూలుగానే ఉన్నట్టుంటుంది.

ఎదురుగాలి లేదు. కంచె మీద ఆరేసిన గుడ్డ నాకు కనిపిస్తూనే ఉంది. అది తూర్పుగాలి, వచ్చేవాళ్లను వెనకనుంచి తోసే గాలి, అయినా ష్వెంక్‌తో ఆ మాట అనలేదు. విమానం నాది. ఈ మాట బయట ఎవరికైనా చెబితే నవ్వుతారు గాని మైదానంలో ప్రతి చీఫూ అలాగే అనుకుంటాడు, పైలట్లు కూడా ఒప్పుకుంటారు. పొద్దున పైలట్ వచ్చి నా ఫారం మీద సంతకం చేస్తాడు, అంటే బదులు తీసుకున్నట్టు, మధ్యాహ్నం తెచ్చి అప్పగిస్తాడు, అప్పగించేటప్పుడు ఎక్కడ ఏ దెబ్బ తగిలిందో తలవంచుకుని చెబుతాడు. ప్రెవిట్ గారు మొదటిసారి తెచ్చి అప్పగించిన రోజు ఎడమ రెక్క చివర చెయ్యి పట్టేంత కన్నం పడింది. ఆయనకు ఇరవై రెండేళ్లు, నూగు మీసం, టోపీ తీసి చేతిలో పట్టుకుని, పక్కింటి నాగలి విరగ్గొట్టినవాడిలా నిలబడి, "చీఫ్, ఏమనుకోకండి, నేను పక్కకు తిప్పేలోపలే తగిలింది" అన్నారు. తన తల పక్కనుంచి కూడా ఒక గుండు ముక్క దూసుకుపోయిందని చెప్పలేదు. అది నేను ఆయన సీటు వెనక రేకులో వేలు పెట్టి తెలుసుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన దిగేదాకా నేను గుడిసె లోపల కూర్చోలేదు, వానలో కూడా.

నాకు రాత సరిగా రాదు. మూడేళ్లు బడికి వెళ్లాను, నాలుగో ఏడు నాన్న నన్ను పడవ ఇంజను గదిలో పెట్టాడు. అచ్చు అక్షరాలు కూడబలుక్కుంటాను, కలిపిరాత పట్టుబడదు. మా ఆవిడ నెట్టీది కలిపిరాత. ఇదివరకు ఉన్న మైదానంలో ఒక పాస్టరు చదివిపెట్టేవాడు, ఇక్కడికి వచ్చాక ఎవరినీ అడగలేక ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ని. ప్రెవిట్ గారు వారం రోజులు ఆ ఒక్క కవరే నా జేబులోంచి పైకి కనిపించడం చూశారు. ఒక మధ్యాహ్నం కాక్‌పిట్‌లోంచి పిలిచి, "చీఫ్, ఈ కుడి సీటు వదులుగా ఉన్నట్టుంది, ఒక్కసారి కూర్చుని చూడండి" అన్నారు. కూర్చున్నాను. సీటు గట్టిగానే ఉంది. ఆయన కిటికీ అద్దం మూసి, నా వైపు చూడకుండా చెయ్యి చాచారు. ఎగరబోయే ముందు మీటర్ల పట్టీ చదువుతారే, అదే గొంతుతో, ఎక్కడా రాగం లేకుండా చదివారు. పంది ఈనింది. తొమ్మిది పిల్లలు. ఒకటి పోయింది. మీ అన్నయ్య కప్పు బాగుచేస్తానని వచ్చి తాగి పడుకున్నాడు. రాత్రిళ్లు నీ వైపు పక్క మీదికి నేను ఇంకా జరగడం లేదు. ఆ వాక్యం దగ్గర ఆయన ఆగి, కిటికీలోంచి రెక్క చివర ఏదో పాడైనట్టు కాసేపు చూసి, మళ్లీ మొదలుపెట్టారు. అప్పటినుంచి వారానికొకసారి కుడి సీటు వదులయ్యేది. జవాబు కూడా ఆయనే రాసేవారు. నేను చెప్పేవి రెండే ముక్కలు, "బాగున్నాను, కప్పు సంగతి చూడు" అని. "ఇంతేనా చీఫ్? వాతావరణం గురించైనా చెప్పండి, ఆవిడ ఇంత రాసిందే!" అని బతిమాలేవారు. ఒకసారి అన్నారు, "పైన నాకు భయం వేసినప్పుడు ఏం చేస్తానో తెలుసా? మీ పందిపిల్లల్ని లెక్కపెడతాను. ఎనిమిది వచ్చేసరికి చేతులు కుదుటపడతాయి." నెట్టీకి ఈ సంగతి రాయించలేదు. ఆయన చేత ఆయన భయం ఎలా రాయించను? ఆ రోజు కూడా నా జేబులో ఉత్తరం ఉంది. తపాలా మధ్యాహ్నం వచ్చింది. చేత్తో తడిమితే మందంగా ఉంది.

నాలుగుంబావుకి మొదటి చప్పుడు వచ్చింది, చెవికి కాదు, బోర్లించిన డబ్బా అడుగుకి. వంటవాళ్లు వంటశాల ముందుకి వచ్చి నిలబడ్డారు, సైకిళ్లు ఎక్కడివక్కడ ఆగాయి, మైదానం నిండా మనుషులు తలలు పైకెత్తి నోళ్లు తెరిచి మౌనంగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పొద్దున ఇరవై ఒకటి వెళ్లాయి. ఆరు, ఆరు, నాలుగు. మూడో గుంపులో నాలుగే. తర్వాత విడిగా ఒకటి, దాని వెనక పొగతో ఇంకొకటి. పద్ధెనిమిది. టిల్లీ అత్త తోక మీద నేనే వేసిన పసుపుపచ్చ పట్టీ ఉంటుంది, పద్ధెనిమిది తోకలూ చూశాను, ఏ తోకకూ ఆ పట్టీ లేదు. ఎవరి విమానం వాళ్ల గచ్చు మీదికి వచ్చి ఆగుతోంది, చీఫులు పరిగెత్తుతున్నారు, కుర్రాళ్లు కిందికి దూకి నేలను తొక్కి చూసుకుంటున్నారు, ఎవడో గట్టిగా నవ్వుతున్నాడు, ఆ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. మా పక్క గచ్చు చీఫు తన విమానం దగ్గరికి వెళుతూ నన్ను చూసి అడుగు నెమ్మది చేశాడు. నెమ్మది చెయ్యకపోతే బాగుండేది. ష్వెంక్ లేచి, కూర్చుని, మళ్లీ లేచి, "వేరే మైదానంలో దిగుంటారు చీఫ్, సముద్రం ఒడ్డున పెద్ద రన్‌వే ఉందిగా, అక్కడే దిగుంటారు. టెలిఫోను వస్తుంది. నీ చెయ్యేమిటలా ఉంది?" అన్నాడు. కుడి చెయ్యి చూసుకున్నాను. తొడ మీద అరచెయ్యి ఆనించి ఉంది, ఇంజను మీద ఆనించినట్టు.

మూడో నెంబరు. కుడి రెక్కకు లోపలివైపు ఇంజను. పొద్దున వేడి చేసేటప్పుడు మీటర్లన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆయిలు ఒత్తిడి సరిగ్గా ఉంది, ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఒక్కోటీ ఆపి చూస్తే వేగం తగ్గవలసినంతే తగ్గింది. అయినా ఇంజన్ల పిడుల మీద పెట్టిన అరచేతికి అందులో ఒక వణుకు తెలిసింది. పెద్ద వణుకు కాదు. గుర్రం ఇంకా నిలబడే ఉంటుంది, మేత తింటూనే ఉంటుంది, కాని దాని భుజం మీద చెయ్యి వేస్తే రేపు పడుకుంటుందని తెలుస్తుంది, అలాంటిది. పదేళ్ల వయసు నుంచి పడవ ఇంజను గదిలో పడుకున్నవాణ్ని, నిద్రలో కూడా ఆ తేడా తెలుస్తుంది. ఆయిలు జల్లెడ విప్పి చూడాలి. లోపల బేరింగు అరుగుతుంటే జల్లెడలో వెండి పొడి మెరుస్తుంది. విప్పి, చూసి, బిగించి, మళ్లీ తిప్పి చూడాలంటే నలభై నిమిషాలు. బయలుదేరడానికి ఇరవై అయిదే ఉన్నాయి. అంటే ఫారం మీద ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు గియ్యాలి. ఒక్క ఏటవాలు గీత గీస్తే లోపం ఉంది గాని ఎగరవచ్చు అని అర్థం, రెండు గీతలు ఇంటూలా గీస్తే ఎగరకూడదు అని. ఇంటూ గీశాక జనరల్ వచ్చి తోసినా ఆ చక్రం కదలదు. కాని పక్కన ఎందుకో రాయాలి. చెయ్యి ఒప్పుకోలేదని ఎలా రాస్తాను?

ఒకసారి రాశాను. డిసెంబరులో. ఇలాంటి వణుకే, రెండో నెంబరులో. ఇంటూ గీసి, పక్కన నాకు వచ్చిన అచ్చు అక్షరాలతో, "ఇంజను సంతోషంగా లేదు" అని రాశాను. మరమ్మతుల అధికారి అది భోజనాల దగ్గర పైకి చదివాడు. ఇంజను విప్పి చూశారు, ఏమీ దొరకలేదు, మర్నాడు ఆయనే స్వయంగా ఎగిరి వచ్చి "మహా సంతోషంగా ఉందయ్యా" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు మైదానంలో ఎవడు ఎదురైనా అదే. "చీఫ్, నా సైకిలు సంతోషంగా ఉందేమో చూడు." "చీఫ్, ఇవాళ గుడ్డు పొడి దిగాలుగా ఉంది." నవ్వేవాళ్లు మంచివాళ్లే. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టేవాణ్ని. అందరికంటే ఎక్కువ అన్నవాడు క్లీటస్ మేబ్రీ, తోక గన్నరు, ఓక్లహామా వాడు, ఇరవై ఏళ్లు. తోకలో మోకాళ్ల మీద కూర్చుని ఎనిమిది గంటలు వెనక్కే చూస్తూ ప్రయాణం చేసేవాడు, "నేను జర్మనీ ఎప్పుడూ చూళ్లేదు చీఫ్, వదిలేసి వచ్చిన జర్మనీయే చూశాను" అనేవాడు. ప్రతి ప్రయాణానికీ ముందు విమానం ఎక్కబోతూ నా దగ్గర ఆగి, "చీఫ్, అత్త సంతోషంగా ఉందా?" అని అడిగేవాడు. నేను తల ఊపేవాణ్ని. అది వాడికి మొక్కులా అయిపోయింది. నేను తల ఊపందే ఎక్కేవాడు కాదు.

ఆ పొద్దున కూడా ట్రక్కు దిగి వచ్చారు పదిమందీ, కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నారు, ఒకడు అప్పుడే ఇంటి దగ్గర తినబోయే పీచ్ పళ్ల పచ్చడి గురించి చెబుతున్నాడు. ఆఖరిదాని గురించి ముందే మాట్లాడితే దరిద్రమని ఇంకొకడు వాడి నోరు మూస్తున్నాడు. ఇంటూ గీస్తే వీళ్లు ఇవాళ ఉండిపోవాలి, లేదా మైదానం చివర పడి ఉండే అదనపు విమానంలో వెళ్లాలి, ఎవరికీ చెందని విమానం అది, దాన్ని ప్రేమగా చూసే చెయ్యి ఒక్కటీ లేదు. టిల్లీ అత్త తప్ప ఇంకేదీ తమను ఇంటికి చేర్చదని వాళ్ల నమ్మకం. ప్రెవిట్ గారు ఫారం తీసుకున్నారు. నా ముఖం చూశారు. "ఏమైనా ఉందా చీఫ్?" అన్నారు. ఎర్ర పెన్సిలు నా చేతిలోనే ఉంది. ఆ సమయంలో నేను నోరు తెరిచి ఉంటే ఆయన నమ్మేవారు, డిసెంబరులో అందరూ నవ్వినప్పుడు నవ్వనివాడు ఆయన ఒక్కడే. నమ్ముతారనే నోరు తెరవలేదేమో. నమ్మి, పదిమంది ముఖాల వైపు తిరిగి, ఇవాళ లేదర్రా అని చెప్పవలసినవాడు ఆయనే అవుతాడు. చెయ్యి పొరపాటు పడి ఉంటుంది, డిసెంబరులో పడలేదా? మీటర్లు బాగున్నాయి కదా. ఏమీ గియ్యలేదు, ఏటవాలు గీత కూడా. ఆయన సంతకం పెట్టారు. అంతలో క్లీటస్ వచ్చాడు, మందపాటి కోటులో ఎలుగుబంటిలా ఊగుతూ. "చీఫ్, అత్త సంతోషంగా ఉందా?" తల ఊపితే సరిపోయేది, ఎప్పుడూ ఊపేదే. కాని ఆ రోజు తల ఊపడం చాలదనిపించింది, వాడికి కాదు, నాకే. "ఉంది" అన్నాను. క్లీటస్ వెనక్కి తిరిగి కేకపెట్టాడు. "ఒరేయ్, చీఫ్ మాట్లాడాడ్రోయ్! ఇవాళ మనకి తిరుగులేదు!"

ఇన్ని నెలల్లో వాడితో నేను అన్న మాటలు లెక్కపెడితే వేళ్లు చాలేవి. అందులో ఒకటి అది.

నాలుగున్నర దాటింది. పొలంలో ఆడమనిషి బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ష్వెంక్ గుడిసెలోకి వెళ్లి కాఫీ తెచ్చి నా పక్కన పెట్టాడు, అది చల్లారింది, చల్లారాక కూడా దాని వాసన వస్తూనే ఉంది, ఆ వాసనకు నెట్టీ గుర్తొచ్చింది, వరదలో మా ఇంటి కప్పు మీద రెండు రోజులు కూర్చున్నప్పుడు ఆవిడ కాఫీ గింజల సంచీ ఒక్కటి పొట్టకు హత్తుకుని తెచ్చింది, నిప్పు లేదు, నీళ్లు మాత్రం ఎటు చూసినా నీళ్లే, గింజలు నములుతూ కూర్చున్నాం. చుట్టూ ఇళ్లు ఒక్కొక్కటే లేచి గిర్రున తిరుగుతూ కొట్టుకుపోతున్నాయి, ఒక కోళ్ల గూడు కోళ్లతో సహా మా ముందునుంచే వెళ్లింది, మా కప్పు కింద దూలాలు మూలుగుతున్నాయి, ఎంతసేపు ఆగుతాయో నాకు ఆ మూలుగులోనే తెలుస్తోంది, ఇంకా ఒక రోజు ఆగుతాయని తెలుసు, కాని ఆవిడకు చెప్పలేదు. "ఏదైనా అను లైమన్" అంది. "ఏదో ఒకటి, తిట్టినా సరే." నేను ఆవిడ కాళ్లు నా కోటులో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను, అదే నా మాట అనుకున్నాను. పడవ వచ్చి దింపాక, పొడి దుప్పట్లో వణుకుతూ, "దూలాలు ఆగుతాయని నీకు తెలుసు కదూ?" అంది. తెలుసన్నాను. "ఆ ఒక్క ముక్క అంటే నాకు ఇంత చలి వేసేది కాదు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని. ఉన్న మంచే చెప్పనివాడు ఉన్న చెడు ఎలా చెబుతాడు? ప్రెవిట్ గారు ఇప్పుడు ఎక్కడో నీళ్ల మీద పందిపిల్లల్ని లెక్కపెడుతూ ఉంటారు. ఒకటి, రెండు. ఎనిమిది అయ్యాక మళ్లీ మొదటినుంచి. ఆ సముద్రం నీళ్లలో మనిషి ఎన్ని నిమిషాలు ఉంటాడో మా అందరికీ తెలుసు. దేవుడా, నా చెయ్యి తప్పని తేల్చు, మైదానం అంతా ముసలితనం దాకా నవ్వనీ, ప్రతి సైకిలునూ నా దగ్గరికి తెచ్చి అడగనీ.

ముందు ష్వెంక్ లేచి నిలబడ్డాడు. నేను లేవలేదు, డబ్బాకు రెండు చేతులూ ఆనించి విన్నాను. మూడు. నాలుగు కాదు, మూడు ఇంజన్లు, ఒకటో నెంబరు, రెండు, నాలుగు, నా బిడ్డల గొంతులు నాకు తెలియవా, మూడూ గొంతు చించుకుని లాగుతున్నాయి. దుంపల పొలం మీద చెట్లకంటే కిందుగా వచ్చింది టిల్లీ అత్త. కుడి రెక్క లోపలి పంకా కదలకుండా కత్తిలా నిలబడి ఉంది. పసుపు పట్టీ సగమే ఉంది. కిటికీలోంచి ఎర్ర మంట ఒకటి ఎగిరి వంపు తిరిగి రాలింది, లోపల గాయపడినవాడు ఉన్నాడని గుర్తు అది. అంబులెన్సు అప్పటికే పరిగెడుతోంది. నేను పరిగెత్తానని తర్వాత ష్వెంక్ చెప్పాడు, వాడికంటే ముందు వెళ్లానట. నాకు గుర్తున్నది పక్క తలుపులోంచి దుప్పటితో కిందికి దింపుతున్న క్లీటస్ ముఖం. మందు ఇచ్చినట్టున్నారు, పెదవులు తెల్లగా ఉన్నాయి, కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి. "చీఫ్... తోక పాడుచేశాను. తిట్టకు" అన్నాడు. దుప్పటి కింద ఒక కాలు మోకాలి దగ్గరే అయిపోయింది.

ప్రెవిట్ గారు అందరికంటే ఆఖర్న దిగారు. ఆక్సిజన్ ముసుగు నొక్కిన గుర్తు ముక్కు చుట్టూ ఉంది, ముసలివాడిలా నిచ్చెన పట్టుకుని దిగారు. "బాంబులు వేసి వెనక్కి తిరిగాక మూడోదాంట్లో ఆయిలు ఒత్తిడి పడిపోయింది చీఫ్. మీరు నేర్పినట్టే వెంటనే ఆపేశాను. ముక్క ఏదో తగిలి ఉంటుంది. గుంపుని అందుకోలేకపోయాం. ఇరవై నిమిషాలు ఒంటరిగా ఉన్నాం, అప్పుడే వెనకనుంచి వచ్చారు జర్మన్లు. క్లీటస్ ఆ కాలితోనే కాలుస్తూ ఉన్నాడు. మైకులో పాట పాడుతున్నాడు, మేం ఊరుకోమన్నా ఊరుకోలేదు." ఆగి, నుదురు నా భుజానికి ఆనించారు. ఇన్ని నెలల్లో ఎప్పుడూ నన్ను తాకలేదు ఆయన. "మిగతా మూడింటినీ మీరు అంత బాగా ఉంచబట్టి వచ్చాం. ఆఖరిది కూడా మీరే తెచ్చారు." నేను ఆ మందపాటి కోటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గొంతులో మాట ఉంది. అంతా అక్కడే ఉంది, పళ్ల వెనక. ఆయన తల ఎత్తి కళ్లు తుడుచుకుని, "ఇవాళ ఉత్తరం వచ్చిందా? ఇప్పుడే చదువుతాను, కూర్చుందాం రండి" అన్నారు. "లేదు సార్, రాలేదు" అన్నాను. ఆ ఒక్క రోజులో నేను ఆడిన రెండో అబద్ధం అది. ఆయన మిగిలిన ఎనిమిదిమందినీ తీసుకుని ట్రక్కు ఎక్కి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున వెలుగు రాగానే ష్వెంక్‌ను లేపకుండా వెళ్లి మూడో నెంబరు మూతలు విప్పాను. బయట ఎక్కడా ముక్క తగిలిన కన్నం లేదు. ఆయిలు జల్లెడ విప్పి అరచేతిలో బోర్లించాను, వెండి పొడి, గింజలంత ముక్కలు కూడా. అన్ని గంటలు తిరిగి చచ్చిన ఇంజనులో పొడి ఉండక ఏమవుతుంది, నిన్న పొద్దున ఉందో లేదో ఇప్పుడు చెప్పగలవాడు ఎవడూ లేడు. జల్లెడ గుడ్డలో చుట్టి పెట్టాను. పెట్రోలుతో చేతులు కడిగి, సబ్బుతో కడిగి, గడ్డం గీసుకుని, సైకిలు మీద మూడు మైళ్లు తొక్కి ఆసుపత్రికి వెళ్లాను. నర్సు పది నిమిషాలంది.

క్లీటస్ మెలకువగానే ఉన్నాడు. "చీఫ్! నువ్వా? ఎవరైనా చచ్చారా?" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముందు మాట రావడానికి చాలాసేపు పట్టింది, వచ్చాక ఆగలేదు. "నిన్న నువ్వు అడిగితే ఉంది అన్నాను. లేదురా. మూడో నెంబరు బాగోలేదని నాకు తెలుసు. చేతికి తెలిసింది. చెప్పలేదు. నవ్వుతారనీ, మీరంతా ఇంటికి వెళ్లాలనీ. జల్లెడ విప్పితే తెలిసేది, విప్పలేదు. నీ కాలు నా వల్లే పోయింది." వాడు నావైపే చూస్తున్నాడు. ముఖంలో నవ్వు ఎక్కడికో పోయింది, నవ్వు లేకపోతే వాడి ముఖం ఇంత చిన్నదని నాకు తెలియదు.

"ప్రెవిట్ సారుకి చెప్పావా?"

"లేదు. ఇక్కడినుంచి అక్కడికే."

"పొద్దున్నే వచ్చాడు. నువ్వు దేవుడివని చెప్పి వెళ్లాడు." దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "చెప్పు. ఆయన కూడా తెలుసుకోవాలి కదా."

"చెబుతాను."

వాడు గోడ వైపు తిరిగాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు, నర్సు చక్రాల బల్ల తోసుకుని వెళ్లింది, పది నిమిషాలు అయిపోయి ఉంటాయి. నేను కూర్చునే ఉన్నాను. ఏదో ఒకటి అనాలని చూశాను గాని ఉన్నదంతా అనేశాను, ఇంక ఏమీ మిగల్లేదు.

"చీఫ్."

"ఊఁ."

"పాదం దురద పెడుతోంది." గోడకే చెప్పాడు. "ఆ పోయిన పాదమే. రాత్రినుంచీ చంపుతోంది."

"నర్సుని పిలవనా?"

"నర్సుకి చెబితే పిచ్చి ఎక్కిందనుకుంటుంది. నువ్వు గోకు."

మంచం చివరికి కుర్చీ జరుపుకున్నాను. దుప్పటి చదునుగా ఉన్న చోట అంచు ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి, ఖాళీ పక్కగుడ్డను గోళ్లతో గోకడం మొదలుపెట్టాను.

"అక్కడ కాదు" అన్నాడు క్లీటస్. "ఇంకాస్త కింద."

ఇంకాస్త కిందికి జరిపాను.